బురద సీసాలో తొలి భూమి: మీథేన్ సూక్ష్మజీవులను ఇంటి దగ్గరే పరిశీలించే విధానం

వరి మడికి నీరు కట్టి నాలుగు వారాలు దాటిన తర్వాత, గట్టు మీద కూర్చుని ఒక కర్రను బురదలోకి జానెడు లోతు దించి కదిపితే బుడబుడమంటూ బుడగలు పైకి వస్తాయి. ఆ బుడగల్లో ఉండే మీథేన్‌ను తయారుచేసేది కంటికి కనిపించని ఒక జీవజాతి. ఆ జాతి పూర్వీకులు దాదాపు 350 కోట్ల ఏళ్ళ కిందటి సముద్రాల్లోనే ఉండేవారని నమ్మడానికి శాస్త్రవేత్తలకు తగిన కారణాలు ఉన్నాయి. ఆక్సిజన్ సోకగానే పని మానుకునే ఈ జీవులకు నేటి గాలి పరాయిది. గాలి చొరబడని బురదలో మాత్రం వాటి పాత లోకం ఇంకా నడుస్తూనే ఉంది. ఆ లోకాన్ని నాలుగు ప్లాస్టిక్ సీసాల్లోకి తెచ్చుకుని, రెండు నెలల పాటు గమనించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. పెద్దవాళ్ళు పక్కన ఉంటే హైస్కూలు పిల్లలు కూడా దీన్ని చేయగలరు. ఖర్చు కంటే ఓపిక ఎక్కువ కావాలి.

బుడగలను పట్టే పని కొత్తదేమీ కాదు. 1776లో అలెస్సాండ్రో వోల్టా ఇటలీలోని మజ్జోరె సరస్సు ఒడ్డున, ఆంజెరా దగ్గర, అడుగు బురదను కర్రతో కెలికి, నీటితో నింపి బోర్లించిన సీసాలోకి ఆ బుడగలను పట్టి, అది మండే వాయువని చూపించాడు. మనం చేయబోయేది అదే పని, అయితే రెండు తేడాలు ఉన్నాయి. బురదను ఇంటికి తెస్తాము. మంట మాత్రం పెట్టము. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. అందుచేత ప్రయోగం జరిగే చోట అగ్గిపెట్టె, దీపం, స్టవ్ ఏవీ ఉండకూడదు. గాజు సీసాలు కూడా వాడవద్దు. లోపల ఒత్తిడి పెరిగితే కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా ఉబ్బుతుంది, గాజు సీసా పగులుతుంది.

సీసాలో ఎవరు ఏ పని చేస్తారు

సీసాలో వేసే గడ్డిని మీథేన్ జీవులు నేరుగా తినలేవు. ముందు వేరే బాక్టీరియాలు గడ్డిని పులియబెట్టి హైడ్రోజన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా, వెనిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లంగా విడగొడతాయి. ఆ తర్వాత మీథేన్ జీవుల్లో కొన్ని నాలుగు హైడ్రోజన్ అణువులను ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుతో కలిపి ఒక మీథేన్ అణువును, రెండు నీటి అణువులను తయారుచేస్తాయి. మరికొన్ని అసిటిక్ ఆమ్లాన్నే మీథేన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా చీలుస్తాయి. చాలాకాలం వీటిని కూడా బాక్టీరియాల్లోనే లెక్కపెట్టేవారు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్‌లోని ఆర్ఎన్ఏను వీటిలో పోల్చి చూసి, ఇవి బాక్టీరియాలు కావనీ, వేరే వంశానికి చెందినవనీ తేల్చారు. ఆ వంశాన్నే ఇప్పుడు ఆర్కియా అంటున్నారు.

తొలి భూమికి ఈ వాయువుతో ఉన్న సంబంధాన్ని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పుట్టిన కొత్తలో సూర్యుడి వెలుగు ఇప్పటి దానిలో సుమారు 70 శాతమే. ఆ లెక్కన సముద్రాలు గడ్డకట్టి ఉండవలసింది. ఆనాటి రాళ్ళలో మాత్రం నీరు పారిన ఆనవాళ్ళే కనిపిస్తాయి. కార్ల్ సేగన్, జార్జ్ మల్లెన్ 1972లో ఈ చిక్కును అందరి దృష్టికీ తెచ్చి, అమోనియా వెచ్చదనం ఇచ్చి ఉంటుందన్నారు. అమోనియా ఎండకు త్వరగా విడిపోతుందని తేలిన తర్వాత, జేమ్స్ కాస్టింగ్ వంటివారు భూమి వేడిని పట్టి ఉంచిన వాయువుల దుప్పటిలో కార్బన్ డయాక్సైడ్‌తో పాటు మీథేన్ కూడా ఒక పొర అని వాదించారు. నేటి గాలిలో మీథేన్ పది లక్షల వంతులకు రెండు వంతులకన్నా తక్కువే. ఆ కాలపు గాలిలో వందల నుంచి వేల వంతుల దాకా ఉండి ఉంటుందని నమూనాలు చెబుతున్నాయి.

బురద ఎక్కడిది తేవాలి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నెల రోజులకు పైగా నీరు నిలిచిన వరి మడి, లేదా మంచినీటి చెరువు అంచు కావాలి. కోస్తాలో ఉన్నవారు ఉప్పుటేళ్ళ బురద, రొయ్యల చెరువుల బురద తీసుకోవద్దు. సముద్రపు నీటిలో సల్ఫేట్ ఎక్కువగా ఉంటుంది. సల్ఫేట్ ఉన్నచోట దాన్ని వాడుకునే బాక్టీరియాలు హైడ్రోజన్‌ను, అసిటిక్ ఆమ్లాన్ని ముందే తన్నుకుపోతాయి, మీథేన్ జీవులకు మిగిలేది తక్కువ. అదే కారణంతో ఈ మధ్య జిప్సం గానీ అమ్మోనియం సల్ఫేట్ గానీ చల్లిన మడి కూడా పనికిరాదు. రైతును అడిగి తెలుసుకున్న తర్వాతే తవ్వండి.

తవ్వే ముందు ఒక నిమిషం ఆగి, బురదను అడ్డంగా కోసి చూడండి. పైన ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన గోధుమ రంగు పొర ఒకటి కనిపిస్తుంది. గాలిలోని ఆక్సిజన్ నీటి గుండా దిగి చేరగలిగేది అంతవరకే; అక్కడి ఇనుము తుప్పు రంగులో ఉంటుంది. దాని కింద అంతా బూడిద రంగు, ఇంకా కిందికి పోతే నలుపు. ఎంతో పలుచని ఆ గోధుమ పొర మన కాలానిది. మిగిలినదంతా పాత కాలానిది. మనకు కావలసింది నల్లటి బురద. పై పొరను తీసేసి, అరచేతి లోతు నుంచి ఒక బక్కెట్ సగానికి తీసుకుని, పైన అదే మడి నీరు పోసి మూత పెట్టి, ఆ రోజే వాడండి.

నాలుగు సీసాలు సిద్ధం చేయడం

ఒక లీటరు కూల్‌డ్రింక్ సీసాలు నాలుగు తీసుకోండి. ఒక్కొక్క దానిలో 400 మిల్లీలీటర్ల బురద, అంగుళం ముక్కలుగా కత్తిరించిన ఎండు వరిగడ్డి 5 గ్రాములు వేసి, మరగబెట్టి మూతతో చల్లార్చిన నీటిని, మెడ కింద నాలుగు వేళ్ళ ఎడం మిగిలేట్టు పోయాలి. పది నిమిషాలు మరిగిన నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ చాలావరకు పోతుంది, కుళాయి నీటిలోని క్లోరిన్ కూడా పోతుంది. మొదటిసారి నేను నేరుగా కుళాయి నీరు పోశాను, గడ్డి కూడా గుప్పెళ్ళతో వేశాను. మూడు వారాల తర్వాత మూత తీస్తే పులిసిన గంజి వాసన వచ్చింది కానీ మీథేన్ జాడ లేదు. గడ్డి ఎక్కువైతే ఆమ్లం పేరుకుంటుంది, ఆమ్లం పెరిగితే మీథేన్ జీవులు ఆగిపోతాయి. గోబర్ గ్యాస్ ప్లాంటు నడిపినవారికి ఈ అనుభవం బాగా తెలిసే ఉంటుంది. పుల్లటి వాసన వస్తే అర చెంచా తినే సోడా వేసి చూడండి.

ఒకటో సీసాను అలాగే ఉంచండి. రెండో సీసాకు వేయవలసిన బురదను, గడ్డిని, నీటిని ముందుగా ఒక స్టీలు గిన్నెలో పోసి, వంటకు వాడని పాత ప్రెషర్ కుక్కర్‌లో గంటసేపు, మర్నాడు మళ్ళీ గంటసేపు ఉడికించి, చల్లారిన తర్వాత సీసాలో పోయాలి. రెండుసార్లు ఉడికించడానికి కారణం ఉంది: మీథేన్ జీవులు మొదటి ఉడుకుకే చస్తాయి, కానీ పులియబెట్టే బాక్టీరియాల్లో కొన్ని బీజాలుగా మారి బతికి, మర్నాటికి మొలకెత్తుతాయి. అవి మిగిలితే హైడ్రోజన్ ఇచ్చి మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. మూడో సీసాలో ఒక చెంచాడు, అంటే 5 గ్రాముల, వ్యవసాయ జిప్సం కలపండి. నాలుగో సీసా ఒకటో దానికి జంట. దానితో పని తర్వాత వస్తుంది.

ప్రతి మూతకూ వేడి చేసిన దబ్బనంతో, పైపు కంటే కాస్త సన్నగా రంధ్రం చేసి, మందుల షాపులో దొరికే కొత్త సెలైన్ పైపును దూర్చి, చుట్టూ ఎం-సీల్ పెట్టి ఒక రాత్రి ఆరనివ్వండి. ఆ తర్వాత సబ్బు నురగ రాసి, సీసాను మెల్లగా నొక్కి చూడాలి. నురగలో బుడగ లేస్తే అక్కడ కారుతున్నట్టే.

పైపు రెండో కొస ఒక వెడల్పాటి టబ్బులోకి పోతుంది. టబ్బులో సున్నపు నీరు ఉండాలి. చల్లార్చిన సున్నాన్ని లీటరుకు రెండు చెంచాల చొప్పున కలపండి, తేటను మాత్రమే తీసుకోకుండా మడ్డితో సహా వాడండి. చల్లార్చని సున్నం వాడితే వేడి పుడుతుంది, అది వద్దు. చేతులకు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. అర లీటరు సీసాలపై 50 మిల్లీలీటర్లకు ఒక గీత చొప్పున మార్కర్‌తో గుర్తులు పెట్టి, అదే సున్నపు నీటితో నింపి, టబ్బులో బోర్లించి, వాటి నోట్లోకి పైపులు పెట్టాలి. బురద నుంచి వచ్చే వాయువులోని కార్బన్ డయాక్సైడ్‌ను సున్నం పీల్చుకుంటుంది. కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను కూడా చాలావరకు పట్టుకుంటుంది. మీథేన్‌ను సున్నం ముట్టుకోదు కనుక సీసా పైభాగంలో మిగిలేది ముఖ్యంగా అదే.

ఒక జాగ్రత్త చెప్పకపోతే మీ శ్రమంతా వృథా అవుతుంది. రాత్రి చల్లబడినప్పుడు సీసాలోని వాయువు కుదించుకుని, టబ్బులోని సున్నపు నీటిని పైపు గుండా లోపలికి లాగుతుంది. ఒక డిసెంబరు ఉదయం చూస్తే నా బురద సీసాలో తెల్లటి సున్నం పేరుకుని ఉంది, నెల రోజుల పని పోయింది. అందువల్ల బురద సీసాకూ టబ్బుకూ మధ్య ఒక పావు లీటరు ఖాళీ సీసాను, మూతకు రెండు పైపులతో, అడ్డుగా పెట్టండి. వెనక్కి వచ్చే నీరు అందులోనే ఆగిపోతుంది. అన్నిటికంటే మంచిది వేసవిలో మొదలుపెట్టడం: 30 నుంచి 37 డిగ్రీల వేడి ఈ జీవులకు నచ్చుతుంది. సీసాలకు నల్ల గుడ్డ చుట్టి నీడలో ఉంచండి. వెలుగు తగిలితే నాచు మొలిచి, లోపలే ఆక్సిజన్ తయారవుతుంది.

గమనించవలసినవి

మొదటి వారం వచ్చే వాయువును లెక్కలోకి తీసుకోవద్దు. అది సీసా మెడలో మిగిలిన గాలి, పులియడం వల్ల పుట్టిన కార్బన్ డయాక్సైడ్, కాస్త హైడ్రోజన్. ఆ వారంలో చూడవలసింది రంగు. బురదలో ఒక క్రమం నడుస్తుంది: ముందు ఆక్సిజన్ అయిపోతుంది, తర్వాత నైట్రేట్, ఆ తర్వాత మాంగనీస్, ఇనుము, సల్ఫేట్, అన్నీ అయిపోయిన తర్వాతే మీథేన్ వంతు వస్తుంది. తుప్పు రంగు పోయి బూడిద రంగు వచ్చిందంటే ఇనుము వంతు అయిందని అర్థం. వారం తర్వాత బోర్లించిన సీసాలను మళ్ళీ సున్నపు నీటితో నింపి, అక్కడి నుంచి రోజూ ఒకే వేళకు గీతలు చూసి నోటుబుక్కులో రాయండి. ఎన్ని మిల్లీలీటర్లు వస్తుందనేది బురదను బట్టి మారుతుంది. సీసాకూ సీసాకూ మధ్య తేడాయే మనకు ముఖ్యం.

సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో ఒకటో సీసా, నాలుగో సీసా వేగం అందుకుంటాయి. మూడో సీసా వెనకబడుతుంది, బురద మరింత నల్లబడుతుంది. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్. జిప్సంలోని సల్ఫేట్‌ను వాడుకునే బాక్టీరియాలు మీథేన్ జీవుల మేతను ముందే తినేశాయని దాని అర్థం. తొలి సముద్రాలకు, నేటి సముద్రాలకు ఉన్న పెద్ద తేడాల్లో ఇది ఒకటి. నేటి సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది; ఆర్కియన్ యుగపు (సుమారు 400 నుంచి 250 కోట్ల ఏళ్ళ కిందటి) సముద్రాల్లో అది దానిలో వందో వంతుకన్నా తక్కువ. అంటే ఆనాటి సముద్రపు అడుగు మన ఒకటో సీసాకు దగ్గర, నేటి సముద్రపు అడుగు మూడో సీసాకు దగ్గర.

ఇక ఉడికించిన సీసా. సరిగ్గా ఉడికితే దానిలో గీత కదలదు. ఏమీ జరగని సీసా ఎందుకని పిల్లలు అడుగుతారు. నా లెక్కలో నాలుగింటిలో ఇదే విలువైనది. వాయువు జీవుల వల్ల వచ్చిందా, రసాయన చర్య వల్ల వచ్చిందా అన్న ప్రశ్నకు జవాబిచ్చేది ఇదొక్కటే. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బారా ప్రాంతంలో, డ్రెస్సర్ శిలల్లో ఇదే ప్రశ్న తలెత్తింది. సుమారు 350 కోట్ల ఏళ్ళ కిందట వేడి నీటి నుంచి పేరుకున్న ఆ సిలికా రాళ్ళలో చిక్కుకుపోయిన సూక్ష్మమైన ద్రవపు బుడగలను యూయిచిరో ఉఎనో బృందం పరీక్షించి, వాటిలో మీథేన్ ఉందని 2006లో ప్రకటించింది. రాయిని కుక్కర్లో ఉడికించి పోల్చడం కుదరదు కనుక వారు కార్బన్ ఐసోటోపులను, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలను చూశారు. సూక్ష్మజీవులు తేలికైన కార్బన్-12ను ఇష్టంగా తీసుకుని, బరువైన కార్బన్-13ను వదిలేస్తాయి. ఆ మీథేన్‌లో కార్బన్-13 ప్రామాణిక నమూనాతో పోలిస్తే వెయ్యికి 56 వంతులకన్నా ఎక్కువగా తగ్గింది. ఇది జీవుల పనే అని వారి వాదన. జీవం లేకుండా రాయీ నీరూ కలిసి చేసే మీథేన్ కూడా కొన్నిసార్లు తేలికగానే ఉంటుందని ఇతరులు అభ్యంతరం చెప్పారు. నాకు ఉఎనో వాదన బలమైనదిగానే తోస్తుంది, కానీ వారి చేతిలో రెండో సీసా లేదన్న సంగతి మరచిపోకూడదు.

నాలుగో సీసాలోకి గాలి

ఐదో వారం వచ్చి, నాలుగో సీసా నిలకడగా వాయువు ఇస్తున్నప్పుడు దాన్ని ఆరుబయటికి తీసుకుపోయి, మూత తీసి, కాసేపు వదిలేయండి. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడవద్దు. తర్వాత చేపల తొట్టెకు వాడే గాలి పంపు పైపును అడుగుదాకా దించి రెండు గంటలు గాలి ఊదండి. కళ్ళ ముందే బూడిద రంగు గోధుమ రంగుకు తిరుగుతుంది. మళ్ళీ మూత బిగించి, పైపు కలిపి, ఒకటో సీసాతో పోల్చుతూ గీతలు రాయండి.

ఈసారి వాయువు వెంటనే రాదు. మీథేన్ జీవులు చచ్చిపోలేదు. ఎండిన వరి మడిలో కూడా అవి నిద్రాణంగా బతకగలవు. లోపల చిక్కిన ఆక్సిజన్ ఖర్చయినా సరే, గాలి తగిలి తిరిగి తుప్పుగా మారిన ఇనుము, సల్ఫైడ్ నుంచి తిరిగి పుట్టిన సల్ఫేట్ వరుసలో ముందు నిలబడతాయి. అవి అయిపోయే దాకా మీథేన్ ఆగవలసిందే. మడిని మధ్యమధ్యలో ఆరబెట్టి తడిపే వరి సాగులో మీథేన్ తగ్గడానికి ఇదే కారణం.

భూమి మీద ఈ మార్పు సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందట జరిగింది. సయనోబాక్టీరియాలు వదిలిన ఆక్సిజన్ గాలిలో నిలవడం మొదలైంది. నేల మీది, ఇనుము గంధకం కలిసిన పైరైట్ రాళ్ళు తుప్పుపట్టి, వాటి గంధకం సల్ఫేట్‌గా మారి నదుల్లో సముద్రానికి చేరింది. ఆక్సిజన్ లేని గాలిలో వేల ఏళ్ళు నిలవగలిగిన మీథేన్ అణువు నేటి గాలిలో సుమారు పదేళ్ళే ఉంటుంది. అదే కాలానికి చెందిన మంచు యుగపు ఆనవాళ్ళు కెనడాలో హ్యూరాన్ సరస్సు ఉత్తర ప్రాంతపు రాళ్ళలో ఉన్నాయి. మీథేన్ దుప్పటి చిరగడమే ఆ చలికి కారణమని చాలామంది భావిస్తారు. మీథేన్ జీవుల ముఖ్యమైన ఎంజైముకు నికెల్ కావాలి. సుమారు 270 కోట్ల ఏళ్ళ కిందటి నుంచి సముద్రంలో నికెల్ తగ్గుతూ వచ్చిందనీ, అవి ఆక్సిజన్ రాకముందే నీరసించాయనీ కర్ట్ కాన్‌హౌజర్ బృందం 2009లో ప్రతిపాదించింది. గాలి మారిన తర్వాతి లోకాన్ని చేత్తో తాకాలనుకునేవారు కడప జిల్లాలో వేంపల్లె డోలమైట్ రాళ్ళను చూడవచ్చు. సూక్ష్మజీవుల చాపలు ఒకదానిపై ఒకటి పేర్చిన స్ట్రొమటోలైట్ వలయాలు వాటిలో స్పష్టంగా కనిపిస్తాయి.

గడ్డి లేని కాలానికి ఐదో సీసా

మన నమూనాలో ఒక పెద్ద లోపం ఉంది. 350 కోట్ల ఏళ్ళ కిందట వరిగడ్డి కాదు కదా, మొక్క అన్నదే లేదు. ఆనాటి మేత అగ్నిపర్వతాల నుంచి, ఆలివిన్ అనే ఖనిజం ఉన్న రాళ్ళతో వేడి నీరు కలిసినప్పుడు పుట్టే హైడ్రోజన్ నుంచి వచ్చేది. అట్లాంటిక్ సముద్రంలో 2000లో కనుగొన్న లాస్ట్ సిటీ అనే చోట ఈ చర్య ఇప్పటికీ జరుగుతోంది. ఓపిక ఉన్నవారు ఐదో సీసాలో గడ్డి బదులు 20 గ్రాముల ఇనుప రజను, అర చెంచా తినే సోడా వేసి చూడవచ్చు. గాలి లేని నీటిలో ఇనుము మెల్లగా హైడ్రోజన్ ఇస్తుంది, దాన్ని మీథేన్ జీవులు తీసుకుంటాయి. వేగం చాలా తక్కువ. పైగా హైడ్రోజన్‌ను కూడా సున్నం పీల్చదు కనుక, గీత కదిలినంత మాత్రాన మీథేన్ వచ్చిందనుకోకూడదు. ఈ సీసాకు కూడా ఉడికించిన జంట ఒకటి పెట్టి, రెండింటి తేడానే రాసుకోవాలి.

పని ముగిసిన తర్వాత సీసాలన్నిటినీ ఆరుబయట, గాలి ఆడే చోట తెరిచి గంటసేపు వదిలి, బురదను తెచ్చిన మడిలోనే పోయండి. జిప్సం వల్ల గానీ ఇనుప రజను వల్ల గానీ మడికి నష్టం ఉండదు. సున్నపు నీటిని మాత్రం చెరువులో పోయవద్దు. మడిలో పోసిన నల్ల బురద మీద ఒకటి రెండు రోజుల్లోనే ఆ పలుచని గోధుమ పొర మళ్ళీ కడుతుంది. దాని కింద కర్ర దించితే బుడగలు ఎన్ని వారాలకు తిరిగి వస్తాయో కూడా వెళ్ళి చూసి, అదే నోటుబుక్కులో రాసుకోండి.